కనబడని చావుని సున్నాగా రాయొద్దు

2025 జులైలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టాన్ని మార్చే ముసాయిదా మీద విచారణ పెట్టింది. అందులో చాలా సంగతులున్నాయి గానీ నన్ను కుదురుగా ఉండనివ్వనివి రెండు. చేపల వేటలో పొరపాటున చనిపోయే జంతువులకి చట్టం పెట్టే పరిమితిని లెక్కగట్టే తీరుని సడలించడం ఒకటి. లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటి సముద్ర జీవి) బోనుల తాళ్లకి చిక్కుకుని చనిపోయే ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలం కోసం ఆ వేట మీద రావాల్సిన కొత్త నిబంధనల్ని 2035 దాకా ఆపడం రెండోది. దీన్ని సమర్థించేవాళ్ల వాదనలు శ్రద్ధగానే చదివాను. ఎవరు రాసినా, ఎక్కడ మొదలుపెట్టినా, చివరికి ఒకే మాట దగ్గరికి వస్తున్నారు: ఆ జంతువు మా తాడు వల్లే చచ్చిపోయిందని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

వినడానికి న్యాయంగానే ఉంటుంది. నేరం మోపినవాడే రుజువు చెయ్యాలని మనందరం నమ్ముతాం. ఒక మనిషిని జైల్లో పెట్టేటప్పుడు నేనూ అదే అడుగుతాను. కానీ ఇక్కడ ఎవర్నీ జైల్లో పెట్టడం లేదు. ఏడాదికి ఎన్ని జంతువులు పోతే ఆ జాతి తట్టుకుంటుందో లెక్కేసి, ఆ గీత దాటకుండా చూసుకోవాలని చట్టం అడుగుతోంది. గీత దాటామా లేదా అని చూసేటప్పుడు, ఎవరి వల్ల పోయిందో తెలియని చావులన్నీ పక్కన పెట్టేస్తే, ఆ గీత ఉన్నా లేనట్టే. నా అభిప్రాయం ఇంతే. దీనికి ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో నిజం చాలానే ఉంది కాబట్టి కాస్త విడమరిచి రాస్తున్నాను.

సున్నా పాయింట్ ఏడు

ఈ చట్టం 1972 నాటిది. వేటలో అనుకోకుండా పోయే జంతువుల పరిమితి మాత్రం 1994 సవరణలతో వచ్చింది. సూత్రం చాలా చిన్నది. జంతువుల కనీస సంఖ్యని, ఆ జాతి ఏడాదికి గరిష్ఠంగా పెరగగల రేటులో సగంతో గుణించి, మళ్లీ ఒక రక్షణ అంకెతో గుణించాలి. రైట్ తిమింగలం అంతరించే ప్రమాదంలో ఉంది కాబట్టి ఆ రక్షణ అంకె 0.1. కనీస సంఖ్య 340 అనుకుని, దాన్ని గరిష్ఠ పెరుగుదల రేటు 4 శాతంలో సగమైన 0.02తో, మళ్లీ 0.1తో గుణిస్తే వచ్చేది 0.7కి కాస్త తక్కువ. ఏడాదికి 0.7 తిమింగలం ఏంటని నవ్వేవాళ్లున్నారు. పదేళ్లలో ఏడు అని చదువుకుంటే నవ్వు రాదు. 2017 ఒక్క ఏడాదిలోనే 17 శవాలు దొరికాయి, కెనడా వైపు 12, అమెరికా వైపు 5.

ఈ సూత్రంలో నాకు బాగా నచ్చింది ఆ "కనీస సంఖ్య". మధ్యస్థంగా ఎన్ని ఉండొచ్చో ఆ అంచనా తీసుకోరు. లెక్కలో ఎంత అనిశ్చితి ఉంటే అంత కిందికి దిగి, కనీసం ఇన్నైనా ఉన్నాయని గట్టిగా చెప్పగలిగిన అంకె తీసుకుంటారు. అంటే మనకి ఆ జాతి గురించి ఎంత తక్కువ తెలిస్తే పరిమితి అంత తగ్గుతుంది, బాగా లెక్కపెట్టినప్పుడు పెరుగుతుంది. తెలియనితనం బరువు జంతువు మీద పడకుండా దాని దగ్గర వేటాడేవాళ్ల మీద పడేలా రాశారన్నమాట. 1994లో దీన్ని ఆలోచించి రాసినవాళ్ల మీద నాకు చాలా గౌరవం.

చిక్కు తక్కెడ రెండో వైపు ఉంది. పరిమితి ఒక పక్క, నిజంగా జరిగిన చావులు రెండో పక్క. పరిమితి కట్టేటప్పుడు ఇంత జాగ్రత్త పడ్డ మనం, చావులు లెక్కపెట్టేటప్పుడు మాత్రం కంటికి కనిపించినవే చాలాకాలం పట్టుకున్నాం. 1990 నుంచి 2017 దాకా చనిపోయిన రైట్ తిమింగలాల్లో 36 శాతమే ఎవరి కంటనైనా పడ్డాయని 2021లో వచ్చిన పరిశోధన చెప్పింది. మిగతావి సముద్రంలోనే కలిసిపోయాయి. ఓడ గుద్ది చచ్చిపోయిన తిమింగలం ఒంట్లో కొవ్వుంటుంది కాబట్టి తేలుతుంది. తాడు చుట్టుకున్నది నెలల తరబడి తిండి తినలేక, ఆ బరువు ఈడ్చుకుంటూ చిక్కి శల్యమై, చచ్చాక మునిగిపోతుంది. కాబట్టి తాడు వల్ల పోయినవే ఎక్కువగా మన కళ్లపడవు. ఒడ్డుకొచ్చిన శవాలు చూసి ఏది ఎంత చంపుతోందో తేల్చుకుంటే తాడు వాటా ఎప్పుడూ తక్కువగానే వస్తుంది. బతికున్నవాటి ఒంటి మీద వెతికితే 85 శాతానికి పైగా ఒక్కసారైనా తాడు కోసిన మచ్చలతో కనిపిస్తాయి.

ఊదా రంగు

నేను మసాచుసెట్స్‌లో ఉంటాను. ఆఫీసులో నాతో పనిచేసే ఆమె వాళ్ల నాన్నగారు మెయిన్ రాష్ట్రంలో లాబ్‌స్టర్లు పడతారు. సముద్రం అడుగున బోనులు వరసగా పేర్చి, ఆ వరసకి తాడు కట్టి, పైన నీళ్ల మీద తేలే బోయకి బిగిస్తారు. తిమింగలం తగులుకునేది ఆ నిలువు తాడుకే. ఒకసారి వాళ్ల ఊరెళ్లినప్పుడు ఆయన ఇంటి వెనక షెడ్‌లో తాళ్ల చుట్టలు చూపించారు. ప్రతిదాని మీద అక్కడక్కడా ఊదా రంగు పట్టీలున్నాయి. ఎక్కడి తాడో తెలియడానికి రాష్ట్రానికో రంగు పెట్టారు, మెయిన్‌కి ఊదా, మసాచుసెట్స్‌కి ఎరుపు. మెయిన్‌లో 2020 నుంచి అది తప్పనిసరి.

"ఇన్నేళ్లలో నేను ఒక్క రైట్ తిమింగలాన్ని కూడా చూడలేదండీ," అన్నారాయన. అందులో నాకేమీ అబద్ధం కనబడలేదు. నాలుగు వందల లోపు జంతువులు ఫ్లోరిడా నుంచి కెనడా దాకా తిరుగుతుంటే ఒక చిన్న పడవ మీదున్న మనిషి జీవితంలో ఒక్కసారి కూడా చూడకపోవడం మామూలే. పైగా తాడు చుట్టుకున్న తిమింగలం అక్కడ ఆగదు. బోనుల్ని లాక్కుంటూ వెళ్లిపోతుంది. మర్నాడొచ్చిన మనిషికి బోయ కనబడదు, తుపానుకి కొట్టుకుపోయిందనుకుంటాడు.

2024 దాకా మెయిన్ లాబ్‌స్టర్ తాడు వల్ల రైట్ తిమింగలం చనిపోయినట్టు ఒక్క దాఖలా లేదని అక్కడివాళ్లు గట్టిగా చెప్పేవారు. ఆ మాట అక్షరాలా నిజం. కానీ తిమింగలాల మీద నుంచి తీసిన తాళ్లలో చాలావాటికి అసలు ఏ గుర్తూ ఉండేది కాదు, మెయిన్ తీర జలాల్లో చాలా భాగానికి ఫెడరల్ గుర్తుల నిబంధన వర్తించేదీ కాదు. ఎవరిదో తేల్చుకునే దారే లేని చోట ఎవరిదీ అని తేలలేదు. దాన్ని నిర్దోషిత్వంగా లెక్కేసుకున్నారు.

2024 జనవరి 28న మసాచుసెట్స్‌లోని మార్థాస్ విన్‌యార్డ్ దీవి ఒడ్డుకి ఒక ఆడ తిమింగలం శవం కొట్టుకొచ్చింది. శాస్త్రవేత్తల లెక్కల్లో దాని నంబరు 5120, వయసు మూడేళ్లు. 2022 ఆగస్టులోనే తాడుతో తిరుగుతూ కనిపించింది. తోక దగ్గర తాడు కండలోకి దిగిపోయింది. ఆ తాడు మీద ఊదా రంగు పట్టీలున్నాయి. మెయిన్ లాబ్‌స్టర్ తాడు గుర్తులతో సరిపోతున్నాయని సముద్ర వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ నోవా ప్రకటించింది.

దాని గురించి ఆయనతో ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఆయన అన్న మాట నా మనసులో ఉండిపోయింది. "రంగు పూసుకున్నది మేము. ఇప్పుడు ఆ రంగే మా మీద సాక్ష్యం. రంగు లేని తాడు వాడినవాడు ఇంట్లో హాయిగా ఉన్నాడు."

దీని గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆయన మాట ముందుగా నా అభిప్రాయానికి వ్యతిరేకం అనిపించింది, తర్వాత చూస్తే అదే నా వాదనకి అసలు బలం. రుజువైన చావులే లెక్కలోకి వస్తే, నిజాయితీగా గుర్తులు వేసుకున్నవాళ్లే దొరుకుతారు. గుర్తులేనివాడి వాటా సున్నా అవుతుంది. తెలియని చావుల్ని కూడా అంచనా వేసి అందరి లెక్కలోకీ పంచితే, అప్పుడు గుర్తు వేసుకున్నవాడికి లాభం: తన వాటా ఇంతకన్నా తక్కువని చూపించుకోగలడు.

కోర్టు అడ్డం తిరిగిన చోటు

ఇక్కడ నాకు ఎదురయ్యే గట్టి వాదన ఒక కోర్టు తీర్పు. ఏ దేశపు తాడుకి చిక్కుకున్నాయో తెలియని తిమింగలాల లెక్కని నోవా కింద పనిచేసే చేపల శాఖ సగం అమెరికాకి, సగం కెనడాకి పంచింది. అనుమానం ఉన్నచోటల్లా ఆ అనుమానం జంతువుకే అనుకూలంగా తీసుకోవాలని భావించింది. మెయిన్ లాబ్‌స్టర్ వాళ్ల సంఘం కోర్టుకెక్కింది. 2023 జూన్‌లో వాషింగ్టన్ డీసీ అప్పీల్స్ కోర్టు ఆ సంఘం వైపు తీర్పిచ్చింది. అందుబాటులో ఉన్న మంచి శాస్త్రం ప్రకారం ఏది జరిగే అవకాశం ఎక్కువో అదే చూడాలి, అన్నిటికన్నా చెడ్డది ఊహించుకుని ఒక పరిశ్రమని మూసెయ్యకూడదు అని దాని సారాంశం.

ఆ తీర్పు అంతరించిపోయే జాతుల చట్టం గురించి, నేను మాట్లాడుతున్న సముద్ర క్షీరదాల చట్టం గురించి కాదు. అలాగని తప్పించుకోను, అందులోని తర్కం రెంటికీ తగులుతుంది. నిజం చెప్పాలంటే సగం మాటతో ఏకీభవిస్తాను. ప్రతి మెట్టు దగ్గరా అతి చెడ్డ అంకె ఎంచుకుంటూ పోతే ఆ మెట్లన్నీ గుణించుకుని చివరికి వచ్చే అంకె ఏ వాస్తవానికీ దగ్గరగా ఉండదు. అప్పుడు మత్స్యకారులకి శాస్త్రం మీద నమ్మకం పోతుంది, అది పోతే ఈ చట్టంలో మంచి భాగం కూడా పనిచెయ్యదు. ఎందుకంటే చావులు పరిమితి దాటినప్పుడు చట్టం ముందుగా చేసేది మత్స్యకారులు, శాస్త్రవేత్తలు, రాష్ట్ర అధికారులు, పర్యావరణ సంఘాలవాళ్లు కలిసి కూర్చునే ఒక బృందాన్ని వెయ్యడం. నిబంధనల ముసాయిదా ఆ బృందమే తయారుచెయ్యాలి. అవతలివాడి అంకెల్ని నమ్మనివాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఏం రాస్తారు?

కానీ అతి చెడ్డ ఊహ వద్దంటే మంచి అంచనా కావాలని అర్థం. అంచనాయే వద్దని అర్థం కాదు. కనబడనివి ఎన్నో శాస్త్రం అంచనా వేసింది, దాని చుట్టూ ఎంత తేడా ఉండొచ్చో కూడా చెప్పింది. ఆ అంచనా వాడుకోవడం తీర్పుకి విరుద్ధం కాదు, సున్నా వాడటమే శాస్త్రానికి విరుద్ధం.

పాత ఉదాహరణ ఒకటుంది, హవాయి. అక్కడ లోతు నీళ్లలో ట్యూనా కోసం వేసే పొడవాటి గాలాల తాళ్లకి ఫాల్స్ కిల్లర్ వేల్ అనే జాతి తగులుకుంటుంది. పడ్డ చేపని తినడానికొచ్చి కొక్కేనికి చిక్కుతుంది. పడవల ప్రయాణాల్లో చాలాకాలం దాదాపు ఐదో వంతులోనే పరిశీలకులుండేవారు. వాళ్లు చూసినదాన్ని మిగతా ప్రయాణాలకీ విస్తరించి లెక్క కడతారు, మిగతా నాలుగు వంతుల్లో ఏమీ జరగలేదని ఎవరూ అనుకోరు. 2012 ప్రణాళిక ప్రకారం పరిమితికి చేరగానే దక్షిణాన ఒక పెద్ద ప్రాంతం మూతపడాలి. 2018లో మూసేశారు, 2019లో మళ్లీ మూసేశారు. పడవలవాళ్లు సంతోషించలేదు. పరిశ్రమ మాత్రం కూలిపోలేదు.

లెక్క మొదలుపెడితే

అసలు లెక్క పెట్టడానికే ఎందుకింత భయం అంటే, పెట్టగానే అంకె పెరుగుతుంది కాబట్టి. న్యూజీలాండ్‌లో పడవల మీద కెమెరాలు పెట్టాక మత్స్యకారులు తామే రాసిచ్చే నివేదికల్లో డాల్ఫిన్లు వలలో పడ్డ సంఖ్య దాదాపు ఏడు రెట్లు పెరిగింది. కెమెరా వల్ల ఒక్క డాల్ఫిన్ కూడా అదనంగా చావలేదు. అంతకుముందు రాయనివి ఇప్పుడు రాశారు, అంతే. ఇలాంటి అంకె బయటికి రాగానే పేపర్లో పెద్ద అక్షరాలతో వేసి మత్స్యకారుల్ని దోషులుగా నిలబెట్టడం కూడా తప్పే. లెక్క చెప్పినవాడికి మొదట దక్కేది తిట్లే అయితే రేపు ఎవడు చెప్తాడు?

ఓపిక పడితే మాత్రం ఫలితం ఉంటుంది. తూర్పు పసిఫిక్‌లో ట్యూనా గుంపులు డాల్ఫిన్ల కింద ఈదుతాయి, అందుకని డాల్ఫిన్ల చుట్టూనే వల వేసేవారు. ఆ వేట మొదలయ్యాక మొత్తం మీద అరవై లక్షలకి పైగా డాల్ఫిన్లు చచ్చిపోయాయని అంచనా. 1986లో ఆ ఒక్క ఏడాదే లక్షా ముప్పై వేల దాకా. తర్వాత పెద్ద పడవలన్నిటి మీదా పరిశీలకుణ్ణి పెట్టి, ఏ పడవకి ఆ పడవకే ఏడాది పరిమితి ఇచ్చారు. అది దాటితే ఆ ఏడాదికి డాల్ఫిన్ల చుట్టూ వల వెయ్యడం బంద్. పక్క పడవ నిర్లక్ష్యానికి తను బలికానని తెలిసిన కెప్టెన్లు వల వెనక్కి నడిపి డాల్ఫిన్లని వదిలే పద్ధతి శ్రద్ధగా నేర్చుకున్నారు. 1993 నాటికి చావులు నాలుగు వేల లోపుకి దిగాయి. మనుషులు మారలేదు, సముద్రం మారలేదు, లెక్క ఎవరి పేరున పడుతుందో అది మారింది.

ఇంత గొప్ప విజయంలోనూ ఒక ముల్లు ఉంది. చావులు అంతగా తగ్గాక కూడా ఆ డాల్ఫిన్ల సంఖ్య అనుకున్నంత వేగంగా పెరగలేదు. వలలో చచ్చిన పాలిచ్చే తల్లుల పక్కన చాలాసార్లు పిల్లలు లేవని పరిశోధకులు గమనించారు. తరిమేటప్పుడు తల్లీ పిల్లా విడిపోతే పిల్ల ఎక్కడో ఒంటరిగా చచ్చిపోతుంది, పరిశీలకుడి పుస్తకంలోకి రాదు. కారణం ఇదొక్కటేనని నేననను. కానీ ప్రతి పడవ మీదా మనిషున్న చోటే కనబడని చావులు ఉండొచ్చంటే, మనిషే లేని లాబ్‌స్టర్ తాళ్ల దగ్గర సున్నా అని ఎలా రాసుకుంటాం?

ఖర్చు ఎవరిది

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. పరిమితి గట్టిగా ఉండాలని ఇంట్లో కూర్చుని రాయడం నాకు సులువు, దాని నష్టం పడేది ఆ షెడ్‌లో తాళ్లకి రంగు పూసుకునే పెద్దాయన మీద. వాళ్లు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. బోనుల మధ్య నేల తాళ్లు నీళ్లలో తేలకుండా మునిగే రకానికి 2009లోనే మారారు. 2021 నిబంధనలొచ్చాక 1,700 పౌండ్ల లాగుడుకి తెగే బలహీన తాళ్లు, వరసకి ఎక్కువ బోనులు, కాలం బట్టి మూసివేతలు, ఇవన్నీ వచ్చాయి. ఓడల సంగతేమిటని వాళ్లడిగేదీ సబబే. చిన్న ఓడలకి కూడా వేగ పరిమితి పెట్టాలన్న ప్రతిపాదనని 2025 జనవరిలో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. బయటి దేశాల పోటీ మాట కూడా నిజమే. మన ప్రమాణాలు పాటించని దేశాల చేపలు దిగుమతి చేసుకోకూడదని 1972 చట్టంలోనే ఉన్నా, దాని నిబంధనలు 2016కి గానీ రాలేదు, అమలు 2026 దాకా వాయిదాల మీద వాయిదాలు పడింది.

వాళ్ల కోపానికి జవాబుగా 2022 డిసెంబర్‌లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఏం చేసిందంటే, నాలుగు వేల పేజీల పైచిలుకు ఖర్చుల బిల్లులో ఒక చోట 2021 నిబంధనలు 2028 చివరిదాకా చాలు అని రాసేసింది. అంటే చావులు పరిమితికి ఎన్ని రెట్లున్నా అప్పటిదాకా చట్టం దృష్టిలో అంతా బాగున్నట్టే. అదే బిల్లులో కొత్త పరికరాలకి డబ్బు సాయం గురించీ రాశారు. ఆ రెండో భాగం నాకు ఇష్టం, మొదటిది అస్సలు ఒప్పుకోలేను. మత్స్యకారుడికి ఊరట కావాలంటే డబ్బుగా ఇవ్వాలి. అంకెని సస్పెండ్ చేసి ఇచ్చే ఊరట ఆ తిమింగలం ఒంటి మీద నుంచి తీసిచ్చేదే.

నిలువు తాడు లేకుండా, పడవ నుంచి శబ్ద సంకేతం పంపితే అడుగు నుంచి బోయ పైకి తేలే పరికరాలున్నాయి. ఒక్కొక్కటి వేల డాలర్లు. నోవా వాటిని మత్స్యకారులకి అరువిచ్చి పరీక్షిస్తోంది, మూసేసిన ప్రాంతాల్లో ప్రత్యేక అనుమతితో వాడిన కొందరు పనికొస్తాయనే అంటున్నారు. అడుగున ఎవరి వరస ఎక్కడుందో పక్క పడవకి తెలియక ఒకరి బోనుల మీద ఇంకొకరు వేసుకునే గొడవ ఇంకా తీరలేదు. బలహీన తాడు విషయంలోనూ నాకు సందేహమే, పెద్ద తిమింగలం తెంచుకోగలిగినా 5120 లాంటి పిల్ల జంతువు తెంచుకోగలదా అని. ఇవి డబ్బు, సమయం పెడితే తీరే చిక్కులు. తీరప్రాంత పల్లెల జేబుల్లోంచి కాకుండా ఆ లాబ్‌స్టర్ తినే, తిమింగలం బతకాలని కోరుకునే నాలాంటి వాళ్ల పన్నుల్లోంచి ఆ డబ్బు రావాలి. కెనడా తిమింగలం కనిపించిన చోట కొన్నాళ్లు వేట ఆపేస్తోంది, అలా మూసినప్పుడు ఆ రోజుల కూలి నష్టం ఎవరు భరించాలన్నది కూడా ఇందులోకే వస్తుంది.

ఈ మధ్య మా ప్రతినిధికి ఉత్తరం రాశాను. 2035 దాకా వాయిదా వేసే నిబంధనకి ఓటెయ్యొద్దని, కనబడని చావుల అంచనాని పరిమితితో పోల్చే లెక్కలో తప్పనిసరి చెయ్యమని, నిలువు తాడు లేని పరికరాల ఖర్చు పూర్తిగా ఫెడరల్ ఖజానా నుంచి ఇమ్మని అడిగాను. ఆ ఉత్తరం మా కొలీగ్ వాళ్ల నాన్నగారికి కూడా చదివి వినిపించాను. మూడోదానికి ఆయన వెంటనే సరే అన్నారు. రెండోదాని దగ్గర చాలాసేపు వాదించుకున్నాం, ఆయన ఇంకా ఒప్పుకోలేదు. మొదటిదాని గురించి మాత్రం, 2028లోనే నిబంధనలు రావాలంటే పరికరాలు 2027కి చేతికి రావాలి, అది కూడా రాయండి అన్నారు. ఆ వాక్యం చేర్చి పంపాను.